వేళ్లు లోతుగా దిగితే వరి ఉప్పును తట్టుకుంటుందా?

ప్రశ్న: మాది దివిసీమలో కాలువ చివరి భూమి. ఎండాకాలం చేలో తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. నాట్లు వేసిన కొద్ది రోజులకే ఆకుల కొసలు తెల్లబడి ఎండిపోతున్నాయి. వేళ్లు లోతుగా దిగే రకం వేస్తే ఈ బాధ ఉండదని విత్తనాల షాపులో అంటున్నారు. నమ్మవచ్చా? - ఒక రైతు, నాగాయలంక

జవాబు: ఆ ఒక్క మాట నమ్మి డబ్బులు పెట్టకండి. లోతు వేళ్లు నీటి ఎద్దడిలో ఆదుకుంటాయి, నిజమే, కానీ మీ చేలో నీళ్లు నిలుస్తాయి, నిలిచిన చోట కింది మట్టిలో గాలి ఉండదు, ఉప్పు నేలలో ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువ. వేళ్లు పైపైనే పరుచుకునే వరి ఉప్పు మడుల్లో దాని మూల రకం కంటే ఎక్కువ పండిందని 2020లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు.

అసలు చూడాల్సింది వేరు లోపల జరిగే పని. కేరళ పొక్కాలి, బెంగాల్ నోనా బొక్రా తరతరాలుగా ఉప్పు నేలల్లో పండుతున్న వరి రకాలు. నోనా బొక్రాలో దొరికిన ఒక జన్యువు సంగతి 2005లో బయటపడింది: వేరు నుంచి ఆకుకు నీరు ఎక్కే దారిలోనే అది ఉప్పులోని సోడియాన్ని వెనక్కి లాగేస్తుంది, దాంతో ఆకుకు చేరేది తగ్గుతుంది. గోధుమలోనూ ఇదే దారి. ఆస్ట్రేలియాలో ఒక పాతకాలపు గోధుమ నుంచి ఇలాంటి జన్యువునే మామూలు సంకరంతో డ్యూరం అనే గోధుమ రకంలోకి తెస్తే ఉప్పు పొలంలో దిగుబడి 25 శాతం దాకా పెరిగిందని 2012లో ప్రకటించారు.

ఇంకొకటి, చాలామంది మోసపోయేది ఇక్కడే. వరి మొలకెత్తేటప్పుడు ఉప్పుకు బాగానే తట్టుకుంటుంది, లేత నారుగా ఉన్నప్పుడు, పూత దశలో దెబ్బతింటుంది. అందుకని ఎవరైనా ఉప్పునీళ్లలో మొలకలు చూపించి ఇదే రుజువు అంటే ఒప్పుకోకండి. పొక్కాలి నుంచి తీసుకుని కొత్త రకాల్లోకి ఎక్కిస్తున్న సాల్టాల్ అనే జన్యుభాగం కూడా ముఖ్యంగా నారు దశకే రక్షణ. పూతకు వేరే బలం కావాలి.

ముందు మట్టి పరీక్ష చేయించి ఈసీ, అంటే మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, ఎంతో తెలుసుకోండి, అది 3 (డెసీసైమన్స్/మీటర్) దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. తెల్లగా పేరుకుంటోంది కాబట్టి పాలచౌడు కావచ్చు, అదే అయితే జిప్సం కంటే మంచినీళ్లు పెట్టి ఉప్పును మురుగు కాలువలోకి తీసేయడమే ముఖ్యం. లేత నారు కాకుండా ముదురు నారు, కుదురుకు నాలుగైదు మొక్కలు పెట్టి నాటండి. రకం కోసం షాపు కంటే ముందు మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానాన్ని అడగండి, ఉప్పును తట్టుకునే వరి మీద వాళ్లు పనిచేస్తున్నారు. మీ ఈసీ అంకె చెప్పి, ఆ ఉప్పులో ఈ రకం పూత దశలో ఎలా ఉందో తప్పకుండా అడగండి.