స్కేలు వచ్చినా వేళ్లు ఆగుతున్నాయా?

ప్రశ్న: యుకులేలీపై (గిటారు లాంటి నాలుగు తీగల చిన్న వాద్యం) సి మేజర్ స్కేలును, అంటే సి డి ఇ ఎఫ్ జి ఎ బి స్వరాల వరుసను, తడబడకుండా వాయించగలను. కానీ పాటలో అవే స్వరాలు వేరే వరుసలో వస్తే వేళ్లు ఆగిపోతున్నాయి. సాధన ఎలా మార్చుకోవాలి?

జవాబు: మీ వేళ్లు ఒకే వరుసకు అలవాటు పడ్డాయి కనుక, ఇప్పుడు వేగం పెంచడం కంటే ఆ వరుసను చెదరగొట్టడమే మేలు. ముందుగా సి డి ఇ ఎఫ్, డి ఇ ఎఫ్ జి అంటూ నాలుగేసి స్వరాలుగా పైకి వెళ్లి, అలాగే దిగండి. ఇది త్వరగానే పట్టుబడుతుంది.

అసలు శ్రమంతా ఒక్కో స్వరాన్ని దాటుతూ సి-ఇ, డి-ఎఫ్, ఇ-జి, ఎఫ్-ఎ అని జతలుగా వాయించడంలో ఉంది. ఇ-జి జత వచ్చినప్పుడు జి కోసం రెండో తీగపై మూడో ఫ్రెట్ (మెడపై అడ్డంగా ఉండే మెట్టు) నొక్కకుండా, అదే స్థాయిలో పలికే నాలుగో తీగను ఖాళీగా మీటితే, ఇ నాదం తెగకుండా రెండు స్వరాలూ కలిసి మోగుతాయి. ఈ వాద్యానికి నిజమైన సొగసు అక్కడే ఉందని నా అభిప్రాయం. అయితే నాలుగో తీగగా మంద్ర జి బిగించుకున్నవారికి ఈ కిటుకు పనిచేయదు.

మెట్రోనోమును (లయ కోసం సమానంగా దెబ్బలు వినిపించే పరికరం) నిమిషానికి 60 దెబ్బల వద్ద ఉంచి, దెబ్బకు రెండు స్వరాల చొప్పున వాయించండి. తప్పు దొర్లితే స్కేలంతా మొదటికి తేకుండా, తడబడిన జతను, దాని ముందు జతను మాత్రమే కలిపి, రెండూ సాఫీగా వచ్చేదాకా తిప్పి తిప్పి వాయించండి.