రౌటర్ మీద ఎర్ర లైటు వెలిగినప్పుడు: పెదనాన్న ఉత్తరం

చిట్టితల్లీ,

మొన్న రాత్రి నువ్వు ఫోన్ చేసి, "పెదనాన్నా, రౌటర్ మీద ఎర్ర లైటు కొట్టుకుంటోంది, పొద్దున్నే నాకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉంది" అన్నప్పుడు నీ టెన్షన్ చూసి అప్పటికి తోచింది చెప్పేశాను. తర్వాత ఆలోచిస్తే అది చాలదనిపించింది. రాగి తీగల టెలిఫోన్ల కాలం నుంచి ఫైబర్ వచ్చేదాకా లైన్ల మీదే పనిచేసినవాణ్ణి. నాకు తెలిసింది నీకు తీరిగ్గా రాసి ఇవ్వాలి కదా. ఇది దాచుకో.

అన్నిటికంటే ముందు ఒక సంగతి పట్టుకో. ఆ లైట్లు దేనికది విడిగా వెలిగేవి కావు. కరెంటు సరిగ్గా అందితేనే డబ్బా బయటి లైనును చూడగలదు. లైనులో సిగ్నల్ ఉంటేనే కంపెనీ వైపు ఉన్న యంత్రం దాన్ని గుర్తుపడుతుంది. అక్కడ గుర్తింపు దొరికాకే ఇంటర్నెట్ లైటు. ఇంటర్నెట్ లైటు ఎర్రగా ఉందని చాలామంది దాన్నే పట్టుకుని కూర్చుంటారు. అసలు తప్పు దాని ముందున్న లైటులో ఉంటుంది. అందుకని పవర్ లైటు దగ్గర మొదలుపెట్టి వరసగా చూస్తూ రా. మొదట ఎక్కడ తేడా కనిపిస్తే అక్కడే ఆగు. దాని తర్వాతివి ఎలా ఉన్నా పట్టించుకోకు.

పవర్ లైటు వెలగకపోతే ప్లగ్గు మార్చి వేరే చోట పెట్టి చూడు. లైట్లన్నీ ఒక్కసారిగా ఆరి, మళ్లీ మొదటి నుంచి వెలుగుతూ, కొద్ది నిమిషాలకోసారి ఇదే తంతు నడుస్తుంటే ముందు అడాప్టర్‌ను అనుమానించు. డబ్బా బాగానే ఉన్నా అడాప్టర్ బలం తగ్గి ఇలా చేయడం నేను ఎన్నో ఇళ్లలో చూశాను. కొత్తది తెచ్చేటప్పుడు పాతదాని మీద రాసిన వోల్టులు కచ్చితంగా అంతే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉన్నా, కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు, తక్కువ మాత్రం ఉండకూడదు. పిన్ను దూరింది కదా అని చేతికందిన అడాప్టర్ పెట్టేయకు.

ఇక నిన్ను భయపెట్టిన లైటు సంగతి. దాని కింద ఎల్ఓఎస్ అని ఉంటుంది, లాస్ ఆఫ్ సిగ్నల్ అని అర్థం. అది ఎర్రగా కొట్టుకుంటోందంటే ఫైబర్‌లో వచ్చే కాంతి డబ్బా దాకా చేరడం లేదు, లేదా బాగా నీరసంగా చేరుతోంది. ఇలాంటప్పుడు నువ్వు వందసార్లు ఆపి వేసినా లాభం లేదు. లేచి వెళ్లి ఆ సన్నటి వైరు గోడ దాకా ఎలా పోయిందో కళ్లతో వెతుక్కుంటూ వెళ్లు. తలుపు కింద నలిగిందా, మంచమో బల్లో జరిపితే గోడకు ఒత్తుకుందా, మిగిలిన వైరును ఎవరైనా బిగుతుగా చుట్టి కట్టేశారా చూడు. రాగి తీగ మెలిక పడినా పనిచేస్తుంది. ఫైబర్ లోపల ఉండేది గాజు. బాగా ఒంపు తిరిగిన చోట కాంతి బయటికి జారిపోతుంది. నెమ్మదిగా ఆ మడత విప్పి, వెడల్పాటి చుట్టగా వదిలేస్తే చాలాసార్లు లైటు దానంతటదే ఆరిపోతుంది. డబ్బాలో దూరిన కొస వదులుగా ఉంటే క్లిక్‌మనేలా నొక్కు.

ఆ కొసను ఊరికే ఊడదీయకు. ఊడదీయాల్సి వచ్చినా దాని మొనను వేలితో తాకకు, నోటితో ఊదకు, బట్టతో తుడవకు. కాంతి నడిచే దారి దాదాపు 9 మైక్రాన్లు, మన వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. అంత చిన్న దారికి ఒక దుమ్ము కణం చాలు అడ్డుపడటానికి. ఇంకో మాట, ఇది బతిమాలి చెబుతున్నాను: ఆ కొసలోకి కన్ను పెట్టి ఎప్పుడూ చూడకు. అందులో వచ్చేది లేజర్. ఇళ్లకు వచ్చే ఫైబర్‌లో మామూలుగా 1490 నానోమీటర్ల కాంతి ఉంటుంది, అది మన కంటికి ఆనదు. కనిపించలేదు కాబట్టి ఏమీ రావడం లేదనుకోకూడదు.

ఇవన్నీ చూసినా ఎర్ర లైటు ఆరలేదంటే తప్పు బయట ఉన్నట్టే. ఫోన్ చేసి "నెట్ రావట్లేదు" అని ఊరుకోకు. "ఎల్ఓఎస్ ఎర్రగా కొట్టుకుంటోంది, వైరు ఇంట్లో ఎక్కడా నలగలేదు" అని చెప్పు. అప్పుడు అవతలివాళ్లకు మనిషిని పంపాల్సిన పని అని వెంటనే అర్థమవుతుంది. వచ్చినతను మీటరు పెట్టి చూస్తే కాంతి ఎంత బలంగా అందుతోందో చెప్పే అంకె ఒకటి మైనస్‌లో వస్తుంది. ఆ అంకె అడిగి రాసుకో. మైనస్ 20 దగ్గర ఉంటే మంచిదే. మైనస్ 27 వైపు జారుతుంటే లైను అంచుమీద ఉందని అర్థం, వానకో గాలికో మళ్లీ పోతుంది. 3 అంకెలు తగ్గితే కాంతి సగమైపోయినట్టు. ఆ లెక్క తెలిస్తే, "నెట్ వచ్చేసిందమ్మా" అని అతను వెళ్లిపోబోతున్నా నువ్వు ఆపి అడగగలవు.

ఎల్ఓఎస్ ఆరిపోయి, పాన్ (PON) అని రాసి ఉండే లైటు, అంటే కంపెనీ యంత్రంతో డబ్బా కలిసిందో లేదో చూపేది, మాత్రం కొట్టుకుంటూ ఉంటే, కాంతి వస్తోంది కానీ కంపెనీ యంత్రం నీ డబ్బాను ఇంకా గుర్తుపట్టలేదు. అయిదు నిమిషాలు ఆగు. డబ్బా కొత్తగా మార్చి ఉంటే దాని సీరియల్ నంబరు వాళ్ల దగ్గర ఎక్కించి ఉండకపోవచ్చు, అదే అడుగు.

పాన్ నిలకడగా ఉండి ఇంటర్నెట్ లైటు ఒక్కటే ఎర్రగా ఉంటే వైరు జోలికి పోకు. బిల్లు గడువు దాటిందేమో చూడు. తర్వాత డబ్బా ఆపి, అర నిమిషం ఆగి వెయ్యి. ఆపి వేయడం పనికొచ్చేది ముఖ్యంగా ఇక్కడే. మీ ఇంట్లోలాగా రెండు డబ్బాలుంటే ముందు ఫైబర్ డబ్బా వేసి, దాని లైట్లు కుదురుకున్నాక రౌటర్ వెయ్యి.

వెనక చిన్న కన్నంలో ఉండే రీసెట్ బటన్ మాత్రం ముట్టుకోకు. ఆపి వేయడం వేరు, రీసెట్ వేరు. రీసెట్ చేస్తే లోపలున్న యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అన్నీ చెరిగిపోతాయి. ఒకసారి మా ఇంట్లోనే తొందరపడి పిన్నుతో నొక్కాను. లైన్ తప్పు గంటలో బాగైంది కానీ, ఆ వివరాలు దొరక్క రెండు రోజులు నెట్ లేకుండా ఉన్నాం. మీ పెద్దమ్మ చెల్లెలు ఆస్పత్రిలో ఉన్న రోజులవి, వీడియోలో చూసుకోలేకపోయింది. ఆ బాధ నాకింకా ఉంది.

కొన్ని లైట్లు చూసి కంగారుపడాల్సిన పనిలేదు. లాన్ లైటు, అంటే వైరుతో తగిలించిన కంప్యూటర్ లాంటివాటిది, టకటకా కొట్టుకోవడం డేటా నడుస్తోందనడానికి గుర్తు. 5 గిగాహెర్ట్జ్ వైఫై లైటు ఆలస్యంగా వెలిగితే డబ్బా కొన్ని ఛానెళ్లలో రాడార్లు ఏమైనా ఉన్నాయేమోనని కనీసం ఒక నిమిషం విని చూస్తోందని అర్థం. వైఫై లైటు పూర్తిగా ఆరిపోతే పక్కనున్న వైఫై బటన్‌ను ఎవరైనా పొరపాటున నొక్కారేమో చూడు. అప్‌డేట్ నడుస్తోందని తెలిసినప్పుడు మాత్రం ఏ లైటు ఎలా ఉన్నా ప్లగ్గు తీయకు.

రంగులు అన్ని డబ్బాలకూ ఒకలా ఉండవు తల్లీ. ఒకదాంట్లో ఆకుపచ్చ మంచిదైతే, ఇంకోదాంట్లో నీలం, మరోదాంట్లో తెలుపు. అందుకే నెట్ చక్కగా నడుస్తున్న ఈ రోజే రౌటర్ ముందు భాగాన్ని ఒక ఫొటో తీసి పెట్టుకో. అడుగున ఉన్న స్టిక్కర్‌ను కూడా తియ్యి, దాని మీద వైఫై పాస్‌వర్డ్ ఉంటుంది కాబట్టి బయటివాళ్లకు పంపకు. రెండోసారి ఇంటర్వ్యూ పిలుపు వస్తే ముందు రోజే ఫోన్ హాట్‌స్పాట్‌తో లాప్‌టాప్ కలిపి చూసుకో. లైట్ల ఫొటో నాకూ ఒకటి పంపు, నువ్వు ఫోన్ చేసినప్పుడు పక్కన పెట్టుకుని మాట్లాడతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న