ఆ అప్పలస్వామి ఎవరి ముత్తాత?

అమ్మలూ,

ఆశీస్సులు. దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్ళిపోయిన మా పెదతాత కాగితాలు నువ్వు వెతుకుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడు ఎంత సంతోషమేసిందో! తన పెదనాన్న ఏమయ్యారో ఎవరైనా కనుక్కుంటారేమోనని మా నాన్న పోయేదాకా ఎదురుచూశారు. ఇన్నాళ్ళకి మన ఇంటి ఆడపిల్ల ఆ పని తలకెత్తుకుంది. కానీ రాత్రి వాట్సాప్ గ్రూపులో ‘ముత్తాత దొరికారు’ అని నువ్వు పెట్టిన ఫొటో చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఓడ జాబితాలో ‘అప్పలస్వామి, తండ్రి రాములు’ అని ఒక్క వరస. ముందు దాన్ని తీసెయ్యి. తర్వాత ఈ ఉత్తరం చదువు.

సింహాద్రి అప్పన్నని కొలిచే మన వైపు అప్పన్న, అప్పారావు, అప్పలనాయుడు, అప్పలస్వామి లేని వీధి ఉంటుందా? సింహాచలం అని మగవాళ్ళకీ పెడతారు, ఆడవాళ్ళకీ పెడతారు. శ్రీకూర్మం చుట్టుపక్కల కూర్మారావులు, విజయనగరంలో పైడిరాజులు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో నా ఉద్యోగమంతా ఈ పేర్ల మధ్యే గడిచింది.

తండ్రి పేరు కూడా కలిసింది కదా మావయ్యా అంటావు. మనలో మనవడికి తాత పేరు పెడతారమ్మా. అప్పలస్వామి కొడుకు రాములు, రాములు కొడుకు అప్పలస్వామి, వాడి కొడుకు మళ్ళీ రాములు. 1900లో ఒక కాగితం మీద ‘రాములు కొడుకు అప్పలస్వామి’ ఉంటుంది, 1950లో ఇంకో కాగితం మీదా అదే ఉంటుంది. చూస్తే వాళ్ళు తాతా మనవలు! ఒక తాతకి ముగ్గురు కొడుకులుంటే ముగ్గురి ఇళ్ళలోనూ ఆ పేరే. పెద అప్పలస్వామి, చిన అప్పలస్వామి అని ఊళ్ళో పిలుస్తారు. రాసే గుమాస్తా ఆ ‘పెద’, ‘చిన’ వదిలేశాడంటే ఇద్దరూ ఒక్కడైపోయినట్టే.

మా ఆఫీసులో పేర్ల ఇండెక్సు వేరు, ఆస్తుల ఇండెక్సు వేరు. పేర్ల దాంట్లో చూస్తే పేజీ నిండా అప్పలస్వాములే. అందుకని చెక్కుబందీ చూసేవాళ్ళం. తూర్పున ఎవరి మడి, పడమట ఏ గెడ్డ, సాక్షులెవరు, వేలిముద్ర ఎవరిది. నువ్వూ అలాగే చూడాలి.

నాటాల్ జాబితాల్లో నీకు ఇంకా మంచి ఆధారాలున్నాయి. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు 1911 దాకా లక్షన్నర మంది ఒప్పందపు కూలీలుగా వెళ్ళారు. ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. అప్పల్‌సామి, ఆపలసామీ అని పేరు ఎన్ని రకాలుగా రాసినా ఆ నంబరు మారదు. వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు, అన్నిటికీ గళ్ళున్నాయి. నీ ఫొటోనే పెద్దది చేసి చూశాను. జిల్లా గడిలో వైజాగపటం అని ఉంది, అంటే విశాఖపట్నం జిల్లా. విజయనగరం అప్పుడు అందులోదే. మన శ్రీకాకుళం అప్పుడు గంజాం జిల్లా. 1936 దాకా అందులోనే ఉంది. పాత ఇంగ్లీషు కాగితాల్లో ‘చికాకోల్’ అని కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లా వచ్చింది 1950 ఆగస్టు 15న. గుమాస్తా పొరపాటున రాసుండొచ్చు, కాదనను. అది నువ్వు తేల్చాలి. ఇంకొకటి, కొడవలి తెగి పెదతాత ఎడమ చిటికెనవేలు సగమే ఉండేదని నాన్న చెప్పేవారు. నీ వరసలో గుర్తు కుడి మోకాలి మీద మచ్చ.

మా పెద్దమ్మ సంగతి మీ అమ్మ చెప్పిందా? ఆవిడ భర్త పేరూ అప్పలస్వామే. రంగూన్‌లో బియ్యం మిల్లులో పనిచేసేవారు. 1941 డిసెంబర్ 23న జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులేశారు. ఓడ దొరకని వాళ్ళు కొండలూ అడవులూ పడి నడిచొచ్చారు. అలా వచ్చినాయన ఒకడు సంతలో చెప్పాడట, ‘రాములు కొడుకు అప్పలస్వామి, నరసన్నపేట వైపు వాడు, దారిలో కలరా తగిలి పోయాడు’ అని. ఏ ఊరు, మనిషి ఎలా ఉంటాడు, ఎవరూ అడగలేదు. పదో రోజున పెద్దమ్మ గాజులు తీయించేశారు. అప్పటికి ఆవిడకి ఇరవై నిండలేదు. కోతల వేళకి పెదనాన్న నడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆయన్ని చూసి పెద్దమ్మ లోపలికి పరిగెత్తి తలుపేసుకుందట.

మళ్ళీ తాళి కట్టించారు, పిల్లలు పుట్టారు. ఇంతవరకే మనవాళ్ళు చెప్పుకుంటారు. కానీ అమ్మలూ, ఆ దారిలో ఒక అప్పలస్వామి నిజంగానే పోయాడు. అతనికీ ఒక ఊరుంది, ఇల్లుంది. ఆ ఇంటికి చేరాల్సిన కబురు మన ఇంటికొచ్చి ఆగిపోయింది. పెదనాన్న తిరిగొచ్చాక ‘అబద్ధపు కబురు’ అని అందరూ వదిలేశారు. ఆయన ఒక్కరే ఏ సంతకెళ్ళినా ఆ రెండో అప్పలస్వామి ఊరేదని అడుగుతూనే ఉండేవారు. తెలియకుండానే పోయారు.

నా భయం అదేనమ్మా. నీ వరసలోని మనిషి మనవాడు కాకపోతే విజయనగరం పక్క ఇంకెవరికో ముత్తాత. నువ్వు మన వంశవృక్షంలో వేసి నెట్‌లో పెడితే డర్బన్‌లో ఆయన మనవలు నమ్ముతారు. విమానం దిగి మన గుమ్మంలోకి వస్తారు. వాళ్ళ అసలు ఊరు మాత్రం వాళ్ళకి ఎప్పటికీ దొరకదు. అందుకే మనవాళ్ళు కారని తేలిన వాళ్ళని కూడా ఒక నోటుబుక్కులో రాసి ఉంచు. నంబరు, ఊరు, ఎందుకు కాదనుకున్నావో, అన్నీ రాయి. రేపు ఎవరైనా అడిగితే ఇవ్వాలి.

కోప్పడ్డానని ముఖం ముడుచుకోకు. మన ఇంట్లో ఇంత పట్టుదల ఉన్న పిల్ల ఇంకెవరున్నారు? నాన్న దాచిన భాగపంపకాల కాగితం ట్రంకు పెట్టెలో ఉంది. పెదతాత వాటా ఎవరికి వదిలారో, అప్పటికి ఎన్నేళ్ళుగా ఊళ్ళో లేరో అందులో ఉంది. జెరాక్సు తీయించి పెడతాను. సంక్రాంతికి వస్తానన్నావట, అంతదాకా ఆగకు. పాలకొండ అత్తయ్యకి తొంభై దాటాయి. పెదతాత మాటలు విన్నవాళ్ళలో ఆవిడే మిగిలారు. పొద్దున పూట జ్ఞాపకం బాగుంటుంది, కుడి చెవి వైపు కూర్చుని అడగాలి. వచ్చే ఆదివారం బయల్దేరి రా, బస్టాండుకి నేనొస్తాను.

మీ మావయ్య