పడుకోబెట్టి పాలు పోయొద్దు

నాయనా,

నీ కథ అందింది. మూడో పేజీలో సుబ్బరాయుడు పక్షవాతంతో మంచం పట్టిన భార్య లక్ష్మమ్మను వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టంలో గ్లాసుడు పాలు పోసి, లైటు తీసేసి, పక్కనే చాప పరుచుకొని పడుకుంటాడు. నేను అక్కడే ఆగిపోయినాను. అట్లా పోస్తే లక్ష్మమ్మ నీ ఐదో పేజీ దాకా బతకదు. పడుకున్న మనిషికి పోసిన పాలు కడుపులోంచి వెనక్కి తన్ని గొంతులోకి వస్తాయి. పక్షవాతం వచ్చినవాళ్లకు గొంతు సరిగా మూసుకోదు, దగ్గు కూడా గట్టిగా రాదు. ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి దిగితే ఒకటి రెండు రోజుల్లో జ్వరం, ఆయాసం, న్యుమోనియా. నువ్వేమో ఐదో పేజీలో ఆమె చేత నవ్వించినావు.

ఇది పట్టించుకోనక్కరలేని చిన్న తప్పు అనుకోవద్దు. నీ కథ దేన్ని గురించో అది ఈ గొట్టం దగ్గరే ఉంది.

పోసే పద్ధతి చెప్తాను, విను. తల వైపు మంచం ఎత్తి గానీ, వీపు కింద దిండ్లు పేర్చి గానీ మనిషిని సగం కూచోబెట్టాల. 30 నుంచి 45 డిగ్రీలు ఉండాలంటారు నర్సులు. ముక్కు దగ్గర గొట్టం మీద వేసిన గుర్తు జరిగిందేమో చూడాల. జరిగుంటే చుక్క కూడా పోయకుండా నర్సును పిలవాల. 50 మిల్లీలీటర్ల సిరంజితో కొంచెం వెనక్కి లాగితే ముందు పోసింది కడుపులో ఎంత మిగిలిందో తెలుస్తుంది. తర్వాత సిరంజిలో కడ్డీ తీసేసి, గొట్టానికి తగిలించి, చెయ్యి ఎత్తి పట్టుకొని పోయాల. దానంతటదే దిగాల, కడ్డీ పెట్టి నెట్టకూడదు. 200 మిల్లీలీటర్లు దిగడానికి పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. ఆఖర్న 30 మిల్లీలీటర్ల నీళ్లు పోయకుంటే లోపలిది గడ్డకట్టి గొట్టం పూడిపోతుంది. ఆ పైన కనీసం అరగంట మనిషిని వాల్చకూడదు, గంట ఆగితే ఇంకా మంచిది.

అంటే ఒక్క పూటకు గంటన్నర. రోజుకు ఆరేడు పూటలు. ఇప్పుడు చెప్పు, నీ సుబ్బరాయుడికి ఆఖరి పేజీలో గుడికి పోయి ధ్వజస్తంభం పట్టుకొని ఏడ్చే తీరిక ఎక్కడిది?

అసలు పాలే ఎందుకు? పుట్టినప్పటి నుంచి సంగటి తిన్న మనిషి ఆమె. ఆ రాగులే పలుచగా జావ కాచి, గుడ్డలో వడగట్టి పోస్తారు మన ఇళ్లలో. వడగట్టకుంటే పిప్పి గొట్టానికి అడ్డం పడుతుంది. సుబ్బరాయుడు పెళ్లైనప్పటి నుంచి పొయ్యి దగ్గరికి పోని మనిషని మొదటి పేజీలో నువ్వే రాసినావు. అట్లాంటి మనిషి ఉండలు కట్టకుండా జావ కాచడం ఎప్పుడు నేర్చినాడు? ఉండలు కట్టిందని పారబోసి, రాత్రి పదింటికి మళ్లీ పిండి కలుపుకొని పొయ్యి ముందర నిలబడినాడే, ఆ నిలబడడం రాయి. తడిగుడ్డను పిండే ఆ పెద్ద మోటు చేతుల్ని చూపించు.

నేను ఎవరికి చెప్పినా ఇదే చెప్తాను, నీకూ చెప్తాను. జబ్బు మనిషిని చూసుకునేవాళ్లకు మనశ్శాంతి గుడిలో ఒక పొద్దున దొరికే వస్తువు కాదు. అది చేతుల్లోకి వస్తుంది, పని నేర్చుకున్న కొద్దీ వస్తుంది, కొన్ని రోజులు వచ్చి మళ్లీ పోతుంది. నీ కథలో అది ఒక్కసారే వచ్చి కడదాకా ఉండిపోయింది. దేవుని కడప వెంకటేశ్వరుని మీద నాకు తక్కువ భక్తేమీ లేదు. ఉగాది నాడు ముస్లింలు కూడా వచ్చి కాయ కొట్టే గుడి అది, మన జిల్లా గర్వపడే చోటు. కానీ ఆ స్వామిని నీ కథ ముగించే పనికి పెట్టుకోవద్దు. ఈ మధ్య ఏ కథ చూసినా ఇదే వరస: ఆఖర్న గుడి గంట మోగుతుంది, లేకుంటే కిటికీలోంచి వెలుగు పడుతుంది, పాత్ర కన్నీళ్లు తుడుచుకుంటుంది. అంతకుముందు ఇరవై ఏళ్లు సీమ కథంటే వేటకొడవలో ఎండిన బోరో ఉండాలన్నారు. మంచం పట్టిన భార్యకు ఒళ్లు తుడిచే మొగుడు సీమలో లేడా? మూత్రం సంచి ఉన్న వాక్యాన్ని 'పాఠకులకు వెగటు' అని కొట్టేసే సంపాదకులు ఉన్నారు. వాళ్ల మాట వినొద్దు. ఆ సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందనే వేలాడాల, నేలకు మాత్రం తగలకూడదు. పైకెత్తితే మూత్రం వెనక్కి పోయి చీము పడుతుంది. ఇది తెలిసిన మొగుడికీ తెలియని మొగుడికీ మధ్య ఎంత కథ ఉందో చూడు.

రాత్రి సంగతి నువ్వు అసలు రాయలేదు. రెండు గంటలకోసారి మనిషిని ఒత్తిగిలించాల: ఎడమకు, వెల్లకిలా, కుడికి. మోకాళ్ల మధ్య ఒక దిండు, పిక్కల కింద ఒక దిండు పెట్టి, మడమలు పరుపుకు తగలకుండా చూడాల. నడుము కింది ఎముక, తుంటి, మడమ, ఇవి పుండ్లు పడే చోట్లు. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాల. తెల్లబడలేదంటే లోపల పుండు మొదలైందన్న మాట. నల్లటి ఒంటి మీద ఎరుపు కనపడదు, చేతికి వేడిగానో గట్టిగానో తగులుతుంది. అక్కడ రుద్దకూడదు, రుద్దితే లోపలి కండ ఇంకా నలుగుతుంది. గాలి పరుపు కొన్నా ఒత్తిగిలించడం తప్పదు. మన ఎండాకాలంలో కరెంటు పోతే అదీ దిగిపోతుంది. తిప్పేటప్పుడు పడిపోయిన చేతిని పట్టి లాగకూడదు, భుజం కీలు జారుతుంది. నడుము కింద దుప్పటి మడిచి వేసి, ఆ దుప్పటిని పట్టి లాగాల.

నెల రోజులు ఇట్లా లేస్తే మనిషికి కోపం వస్తుంది. నీ సుబ్బరాయుడికి ఒక్కసారి కూడా రాలేదు. మూడో జాములో లేచి 'ఇంక చాలు, పోరాదా' అని ఆమె వైపు చూసి అనుకోని మొగుణ్ని నేను నమ్మలేను. అనుకున్నాక భయపడి ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తాడు. ఇవి రెండూ ఒకే నిమిషంలో జరుగుతాయి.

ఇంకొక తప్పు. ఎడమ పక్క పడిపోయిందని రాసి, మాట పూర్తిగా పోయిందన్నావు. కుడిచేతి వాటం ఉన్నవాళ్లకు మాట ఉండేది దాదాపు ఎప్పుడూ మెదడు ఎడమ పక్కన. అది దెబ్బతింటే కుడి కాలూ చెయ్యీ పడిపోతాయి, మాటా పోతుంది. ఎడమ పక్క పడితే మాట ముద్దగా రావచ్చు గానీ ఇట్లా పోవడం చాలా అరుదు. కాబట్టి కుడికి మార్చు. మారిస్తే నీకు ఒకటి కలిసొస్తుంది. అట్లా మాట పోయినవాళ్లలో కొందరికి 'నీళ్లు' అనడం చేతకాదు, మొగుడి పేరు రాదు. కానీ చిన్నప్పటి నుంచి నోటికి పట్టినవి, ఒకటీ రెండూ మూడూ లెక్కపెట్టడం, తిట్లు, దేవుని పేరు, వాటంతటవే వస్తాయి. అవి ఆలోచించి అనే మాటలు కావు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. రెండో పేజీలో ఒక్క వాక్యం రాసి దాటేసినావు: పొద్దున్నే మూతి వంకర పోతే ముందు పక్క ఊరి నాటు వైద్యుడి దగ్గరికి తీసుకపోయినాడనీ, ఆయన పావురం రక్తం పూసినాడనీ, పెద్దాసుపత్రికి చేరేసరికి దీపాలు పెట్టే వేళైందనీ. మెదడు రక్తనాళంలో రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి ఆ గడ్డను కరిగించే సూది ఉంది. మొదలైన నాలుగున్నర గంటల్లోపల ఇవ్వాల. అదీ ముందు స్కాన్ తీసి, రక్తనాళం చిట్లలేదని తేల్చుకున్నాకనే. నీ సుబ్బరాయుడు ఆ నాలుగున్నర గంటలు పోగొట్టినాడు. ఆస్పత్రిలో ఎవరో ఒకరు ఆయనతో ఆ మాట అనే ఉంటారు. చూడ్డానికి వచ్చిన చుట్టాలు 'పూర్వజన్మ కర్మ' అంటే ఆయనకు నొప్పి అక్కడ లేదు. కర్మైతే తన తప్పు కాదు గదా. ఆయన్ను తినేది ఆ పొద్దు.

వైష్ణవులు శరణాగతికి ఆరు అంగాలు చెప్తారు. అందులో ఒకటి కార్పణ్యం. మనం ఆ మాటను పిసినారితనానికో పగకో వాడుకుంటాం గానీ అక్కడ దాని అర్థం వేరు: నాకు దిక్కు లేదు, నా చేత కాలేదు అని ఒప్పుకోవడం. సుబ్బరాయుడు ఒప్పుకోవాల్సింది దేవుని ముందర కాదు, ఆమె ముందర. గుడి పేజీ కొట్టేసి ఆ రాత్రి రాయి. రెండు గంటలప్పుడు ఒత్తిగిలించి, మోకాళ్ల మధ్య దిండు సర్ది, 'ఆ పొద్దు నేరుగా కడపకు తెచ్చింటే' అని ఆయన మొదలుపెట్టాల. పూర్తి చేస్తాడో లేదో నువ్వు చూసుకో. ఆమె 'గోవిందా' అంటుంది. ఆమెకు మిగిలిన మాట అదొక్కటే. అది జవాబో, ఊరికే నోటికొచ్చిన మాటో ఆయనకు తెలియదు. నువ్వూ తేల్చొద్దు.

ఆయన జడ అల్లబోయి, చేతకాక, ఆమె జుట్టు గుప్పిట్లో పట్టుకొని కూచుండిపోయిన చోటు బాగుంది. అది ముట్టుకోవద్దు.

మళ్లీ రాసేముందు ఒక రాత్రి రెండు గంటలకోసారి అలారం పెట్టుకొని లేచి చూడు. ఇంట్లో ఇట్లాంటి మనిషి ఉన్నవాళ్లు మీ వీధిలోనే ఉంటారు. పోయి ఒక పూట జావ వడగట్టి ఇస్తామని అడుగు, కాదనరు. సిరంజి పట్టుకున్న చెయ్యి ఇరవై నిమిషాలకు ఎక్కడ నొప్పి పుడుతుందో నీకే తెలుస్తుంది. అది తెలిశాక పంపు.

ఆశీస్సులతో,
కడప నుంచి