పునాది గుంటలో పాత ఊరి ఆనవాళ్లు బయటపడితే?

చెన్నై పల్లావరంలో ప్లాటు కొన్నారు, పునాదిలో పాత కుండపెంకులు తేలితే పని ఆగిపోతుందా అని మీ టెన్షన్.

పెంకులు కనబడినంత మాత్రాన చట్టం పని ఆపదు. ఇంగ్లండులో ఇళ్లకు అనుమతిచ్చేటప్పుడే చాలాచోట్ల ముందు పురావస్తు తవ్వకం జరిపించాలని షరతు పెడతారు, ఖర్చు బిల్డరుదే. మన దగ్గర ప్రతి అపార్ట్‌మెంటుకూ అలాంటి నియమం లేదు (ఉంటే బాగుండేదని నా అభిప్రాయం). ఉన్నదల్లా పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ: కేంద్ర ప్రభుత్వం రక్షిత స్థలంగా ప్రకటించిన చోటికి 100 మీటర్లలోపు కొత్త కట్టడం కుదరదు, ఆపై మరో 200 మీటర్ల దాకా అనుమతి కావాలి. పల్లావరంలో అలాంటి రక్షిత స్థలం ఉంది, మీ సర్వే నంబరు ఎక్కడ పడుతుందో ముందు చూసుకోండి. నాణేలు, నగలు దొరికితే మాత్రం 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పాలి. విలువ 10 రూపాయలు దాటితే చాలు, ఆ పరిమితి ఇప్పటికీ అంతే!

ఇక తవ్వకమంటే లోతుకు పోవడం కాదు, పొరలు చదవడం. మధ్యయుగపు ఊళ్లో ఎవరో మట్టి వరలతో బావి తీశారనుకోండి. అది కింది పాత పొరలను చీల్చుకుని దిగుతుంది. చుట్టూ గట్టి ఎర్రమన్ను, మధ్యలో గుండ్రంగా వదులైన నల్లమన్ను కనిపిస్తుంది. ఆ నల్లమన్నులో దొరికిన చైనా పింగాణీ ముక్క ఎంత లోతున ఉన్నా, పక్కనున్న ఎర్రమన్ను పడ్డాక అక్కడికి చేరిందే. జేసీబీ ఒక్క బకెట్‌తో ఈ తేడాను చెరిపేస్తుంది. అందుకే, చట్టం ఆపకపోయినా, అక్కడ పని ఆపి, వస్తువును కదపకుండా ఫొటో తీసి, రాష్ట్ర పురావస్తు శాఖకు కబురు పెట్టండి.