వలయం ఆకుదా, మెథనాల్‌దా?

ప్రశ్న: నేలవేము ఆకుల మెథనాల్ సారాన్ని బ్యాక్టీరియా మీద పరీక్షించాం. అగార్‌లో (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ పొర) ఉత్త మెథనాల్ పోసిన గుంట చుట్టూ కూడా బ్యాక్టీరియా పెరగని వలయం వచ్చింది. ఎందుకు?

జవాబు: మెథనాల్ తనంతట తానే బ్యాక్టీరియాను చంపుతుంది. ఆ వలయాన్ని ఆకు ఖాతాలో వేయకండి. సారాన్ని 40 డిగ్రీలు దాటకుండా, జిగురు ముద్దయ్యి మెథనాల్ వాసన పూర్తిగా పోయేదాకా ఆరబెట్టండి. ముందు కొద్దిపాటి డీఎంఎస్ఓలో (సారాన్ని కరిగించే ఒక ద్రావకం) కరిగించి, చివరికి డీఎంఎస్ఓ 10 శాతం ఉండేలా నీటితో పలచన చేయండి. సారం లేని అదే ద్రవం తప్పనిసరిగా ఒక గుంటలో ఉండాలి. అగార్ మందం 4 మిల్లీమీటర్లు. పలచనైతే వలయం పెద్దదిగా కనిపించి మోసం చేస్తుంది.

యాంటీఆక్సిడెంట్ పరీక్షలోనూ ఇలాంటి చిక్కే ఉంది. డీపీపీహెచ్ అనే రసాయనం ఊదా రంగు విరిగి పసుపవడాన్ని 517 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. ఆకుపచ్చ సారం కూడా అక్కడ కాస్త కాంతిని పీల్చుకుంటుంది, దాంతో ఫలితం తక్కువొస్తుంది. డీపీపీహెచ్ కలపని సారాన్ని విడిగా కొలిచి, ఆ విలువ తీసేయండి.