జబ్బు తగ్గట్లేదు, ప్రార్థన సాగట్లేదు: విశ్వాసం నిలవాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. ఆరేళ్లుగా లూపస్ (ఒంటి రోగనిరోధక శక్తే ఒంటి మీద దాడి చేసే జబ్బు), ఎంత ప్రార్థించినా తగ్గలేదు. స్వస్థత కూటంలో ఒకాయన "మీకు విశ్వాసం చాలక తగ్గలేదు, మందులు ఆపి చూడండి" అన్నారు. ఇప్పుడు మోకాళ్లు వంగవు, బైబిలు తెరిస్తే ఒక్క వచనం బుర్రకెక్కదు, దేవుడు దగ్గరున్నాడనీ అనిపించదు. మొదట మందుల సంగతి చెబుతాను. మిగతావి రేపు చదువుకున్నా పరవాలేదు, ఇది మాత్రం ఇప్పుడే చదవండి.

ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్ మూడు వారాలకు మించి వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా మానేయకూడదు. మాత్ర రూపంలో అందుతున్నంత కాలం ఒంట్లోని అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసాల్ అనే అవసరమైన హార్మోను తయారుచేయడం తగ్గించేస్తాయి. హఠాత్తుగా ఆపితే అవి వెంటనే పుంజుకోలేవు. బీపీ పడిపోతుంది, వాంతులవుతాయి, ప్రాణం మీదికి రావచ్చు. లూపస్‌కు వాడే ఇంకో మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ సంగతి వేరు. అది ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది కాబట్టి ఆపిన వారం పది రోజులు ఏమీ కాదు. "చూశారా, మందు లేకుండానే బాగున్నారు" అనేవాళ్లకు ఊతం దొరికేది అక్కడే. ఆ తర్వాత వారాలకో నెలలకో జబ్బు మళ్లీ రాజుకుంటే అప్పుడు పక్కన వాళ్లుండరు. మీ జబ్బు కాకపోయినా ఇది చదివే మిగతావాళ్ల కోసం: టైప్ 1 షుగరు ఉన్నవాళ్లు ఇన్సులిన్ ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రమాదం. మూర్ఛ మందులు ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు.

"దేవుడు నిజంగానే బాగుచేస్తే?" అంటారేమో. లూకా 17లో పదిమంది కుష్ఠరోగుల్ని యేసు ప్రభువు యాజకుల దగ్గరికి వెళ్లి చూపించుకోమన్నారు. లేవీయకాండం 14 ప్రకారం చర్మం పరీక్షించి శుద్ధి అయ్యాడని చెప్పే పని యాజకుడిది. మీ విషయంలో ఆ పరీక్ష అంటే రక్తపరీక్షలు, మూత్రంలో ప్రోటీను, డాక్టరు గారి చూపు. తగ్గితే అక్కడ తెలుస్తుంది, డోసు వాళ్లే మెట్లు మెట్లుగా దించుతారు. జబ్బుపడ్డ హిజ్కియా రాజుకు 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడే మాటిచ్చాక కూడా యెషయా అంజూరపు ముద్ద పుండుకు కట్టమన్నాడు (యెషయా 38:21). వాగ్దానం, వైద్యం రెండూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి.

ఉపవాస ప్రార్థన కూడా ఈ లెక్కలోకే వస్తుంది. స్టెరాయిడ్ మాత్ర భోజనం చేశాక వేసుకోవాల్సింది. ఇన్సులిన్ గానీ, షుగరు బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు పస్తుంటే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. మానసిక జబ్బుకు లిథియం అనే మందు వాడేవాళ్లు నీళ్లు మానేస్తే రక్తంలో దాని మోతాదు విషస్థాయికి చేరవచ్చు. ఉపవాసం చేయాలనిపిస్తే ఆ పూట ఫోను మానండి, వార్తలు మానండి. భోజనం, మాత్ర మాత్రం వేళకు పడాలి.

ఇక "విశ్వాసం చాలలేదు" అన్న మాట. యోహాను 9లో శిష్యులు అడిగిందీ ఇదే: వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులా? రెండూ కాదన్నారు ప్రభువు. పౌలు త్రోఫిమును రోగిగానే మిలేతులో వదిలి వెళ్లాడు (2 తిమోతి 4:20). తిమోతి కడుపుకీ, తరచూ వచ్చే బలహీనతలకీ కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు (1 తిమోతి 5:23). నీకు విశ్వాసం చాల్లేదని రాయలేదు. తన ఒంట్లోని బాధను ముల్లు అని పిలిచి, అది తీసేయమని పౌలు తానే మూడుసార్లు వేడుకుంటే దొరికిన జవాబు "నా కృప నీకు చాలును". మనవాళ్లు ఎప్పుడూ ఎత్తే యాకోబు 5:14-15 ఒకసారి నిదానంగా చదవండి. రోగి చేయాల్సింది పెద్దల్ని పిలిపించుకోవడం. నూనె రాసి విశ్వాసంతో ప్రార్థన చేయాల్సింది ఆ వచ్చిన పెద్దలు. అలాంటప్పుడు ఫలితం కనపడకపోతే లోటంతా మంచం మీదున్న మనిషిదే ఎలా అవుతుందో నాకైతే అర్థం కాదు.

అయినా మందులు ఆపమన్న ఆయనతో వాదన పెట్టుకోవద్దు. గెలిచినా ఆ అలసట మీదే. రెండు వాక్యాలు ముందే సిద్ధం చేసుకుని ప్రతిసారీ అవే చెప్పండి: "పెద్దలు వచ్చి నూనె రాసి ప్రార్థన చేస్తే సంతోషం. మందులు మాత్రం డాక్టరు గారు చెబితేనే మారుస్తాను." అంతకంటే వివరణ ఇచ్చారంటే చర్చ మొదలైనట్టే.

స్వస్థత అడగడం మానమని కాదు. కానీ రోజూ ప్రతి ప్రార్థనా అదే అయితే ఒక చిక్కుంది: ఆమేన్ అనగానే చెయ్యి వేళ్లు ముడిచి చూసుకుంటారు, నొప్పి తగ్గిందా లేదా అని. కొన్నాళ్లకు ప్రార్థన అంటేనే పరీక్ష, రోజూ ఫెయిలయ్యే పరీక్ష. అందుకని స్వస్థత కోసం వారంలో ఒక రోజు పెట్టుకోండి. ఆ రోజు మనసారా, సిగ్గుపడకుండా అడగండి. మిగతా రోజులు దేవునితో వేరే మాటలు మాట్లాడండి.

ప్రార్థన సాగకపోవడానికి కారణం చాలామందిలో విశ్వాసం చచ్చిపోవడం కాదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు పెట్టుకున్న పద్ధతినే జబ్బు ఒంటి మీద రుద్దడం. తెల్లవారుజామున లేచి గంటసేపు మోకాళ్ల మీద ఉండటం, ఏడాదిలో బైబిలు పూర్తి చేయడం లాంటివి. బైబిల్లో 1189 అధ్యాయాలు. ఏడాదికి సర్దితే రోజుకు మూడు పైన. పది రోజులు జ్వరమొస్తే 30కి పైగా బాకీ. ఆ బాకీ చూసి పుస్తకమే తెరవరు. తేదీలున్న ప్లాను తీసిపారేయండి.

మీ పద్ధతిని మంచి రోజును బట్టి కాదు, అతి చెడ్డ రోజును బట్టి కట్టుకోండి. మంచం దిగలేని రోజున కూడా చేయగలిగేది ఎంత? ఒక వచనం, ఒక వాక్యం ప్రార్థన, కళ్లు మూసుకునే. అదే మీ నియమం. అది జరిగితే ఆ రోజు పూర్తయినట్టే, బాకీ లేదు. కాస్త మెరుగ్గా ఉన్న రోజు ఒక చిన్న కీర్తన: 117 రెండే వచనాలు, 131, 134 మూడేసి, 23 ఆరు. 119వ కీర్తన 176 వచనాలైనా ఎనిమిదేసి చొప్పున 22 ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్క ఒక్కో రోజుకు సరిగ్గా సరిపోతుంది. చదివింది నిలవకపోతే ఆడియో పెట్టుకోండి. మార్కు సువార్త 16 అధ్యాయాలే, రోజుకొకటి వినండి, మధ్యలో నిద్రపట్టినా తప్పు లేదు. బాగున్న రోజు మాత్రం జాగ్రత్త. పోగొట్టుకున్నదంతా ఒకే రోజు రాబట్టాలని రెండు గంటలు కూర్చుంటే ఆ తర్వాత రెండు రోజులు మంచమే. ముందే పెట్టుకున్న కొలత దాటొద్దు.

మోకరించలేకపోవడం గురించి రెండో ఆలోచన వద్దు. దావీదు యెహోవా సన్నిధిలో కూర్చుని ప్రార్థించాడు (2 సమూయేలు 7:18). హిజ్కియా పడకమీదే గోడవైపు తిరిగి ఏడ్చాడు, అది విన్నానని జవాబొచ్చింది.

ఇక మాటలే రావట్లేదన్నారు. దానికి కీర్తన 13 చాలా పనికొస్తుంది. ఆరే వచనాలు: మొదటి రెండూ "ఎన్నాళ్లు" అని నిలదీయడం, తర్వాతి రెండూ అడగడం, చివరి రెండూ నమ్మకం. ఆ వరుసలోనే మీ సొంతంగా నాలుగు వాక్యాలు ఒక నోటుబుక్కులో రాయండి, లేదా ఫోన్లో గొంతు రికార్డు చేయండి. మొదటిది పిలుపు: "తండ్రీ". రెండోది ఫిర్యాదు, అది ఖచ్చితంగా ఉండాలి. "బాధగా ఉంది" అని కాదు, "రాత్రి రెండింటి నుంచీ మణికట్లు వాచి నీళ్ల గ్లాసు పట్టుకోలేకపోయాను, నువ్వు చూస్తూ ఊరుకున్నావు" అని. మూడోది రేపటికి సరిపడా ఒకే ఒక్క మనవి: "పొద్దున పాపకు జడ వేయగలిగేలా వేళ్లు వంగనివ్వు". నాలుగోది మీకు ఇప్పుడు అనిపించకపోయినా నిజమని ఒప్పుకునే మాట. సొంతంగా రాకపోతే దావీదుది తీసుకోండి: "నేనైతే నీ కృపయందు నమ్మికయుంచి యున్నాను".

ఇందులో రెండు చోట్ల తేడా కొడుతుంది. చాలామంది దేవుణ్ణి తప్పుపట్టినట్టవుతుందని రెండో వాక్యం ఎగ్గొట్టి నేరుగా నాలుగోదానికి పోతారు. అప్పుడది చిలకపలుకే. దేవుని గురించి ఒకరితో ఒకరు సణుక్కున్నవాళ్లను అరణ్యంలో శిక్షించాడు గానీ, తన ముఖం మీదే మొరపెట్టినవాళ్ల మాటల్ని మాత్రం ప్రార్థనలుగా బైబిల్లోనే పెట్టించాడు. ఇంకొందరు వారాలకొద్దీ రెండో వాక్యంలోనే తిరుగుతుంటారు. మందు మూడోదాంట్లో ఉంది: మనవి చిన్నది చేయండి, రేపు సాయంత్రానికి అవునో కాదో తెలిసేంత చిన్నది. ఇక నాలుగోది ఎంతకీ రాని రోజున ఖాళీగా వదిలేయండి. కీర్తన 88 చీకటి అన్న మాట దగ్గరే ముగుస్తుంది, దాని కింద ఎవరూ స్తోత్రం అతికించలేదు.

రాత్రి నొప్పికి వేరే ఏర్పాటు కావాలి. ఆ వేళ బుర్ర ఆలోచించలేదు, కాబట్టి పగలే తయారు చేసి పెట్టుకోవాలి. చెయ్యి చాచితే అందేచోట నీళ్లు, డాక్టరు రాసిన నొప్పి మాత్ర, వెలుతురు తగ్గించిన ఫోన్లో ముందే తెరిచి ఉంచిన ఒక ఆడియో కీర్తన. ప్రార్థన ఒకే ముక్క: గాలి లోపలికి వెళ్లేటప్పుడు "యేసు ప్రభువా", బయటికి వచ్చేటప్పుడు "నన్ను కరుణించు". శ్వాసను సాగదీయొద్దు, బిగపట్టొద్దు, తల తిరుగుతుంది. మీ ఊపిరి నడిచే తీరుకే మాటలు సర్దండి. అదే మాట మళ్లీ మళ్లీ అంటే వ్యర్థమైన వల్లింపు కదా అనొద్దు. గెత్సేమనేలో ప్రభువు మూడోసారి కూడా అదే మాట చెప్పి ప్రార్థించారని మత్తయి 26:44. అదీ రాకపోతే మూలుగే చాలు, మాటల్లేని మూలుగులతో ఆత్మే మన పక్షాన వేడుకుంటాడన్న రోమా 8:26 ఉన్నది దానికే.

దేవుడు దగ్గరున్నాడనిపించకపోవడం గురించి ఒక మాట సూటిగా. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తారుమారు కావడం ఉంటే అది ఆత్మీయ దశ అని తేల్చుకోకముందే డాక్టరుకు చెప్పండి. దీర్ఘకాల నొప్పికి డిప్రెషన్ తోడవడం మామూలే. పైగా స్టెరాయిడ్ కూడా మనసును కుదిపేస్తుంది, నిద్ర చెడగొడుతుంది. సాయంత్రం వేసుకుంటున్నట్టయితే పొద్దుటికి మార్చవచ్చేమో అడగండి. ఇంగ్లండుకు చెందిన పేరుమోసిన బోధకుడు స్పర్జన్ లాంటివాడే గౌటు అనే కీళ్ల నొప్పితో, దిగులుతో ఏళ్లు గడిపి 1892లో 57 ఏళ్లకే పోయారు, ఆ దిగులు గురించి ఆయన దాచుకోలేదు. చనిపోతే బాగుండు అన్న ఆలోచన వస్తుంటే మాత్రం ఆ రోజే ఇంట్లో ఒకరికి, డాక్టరుకు చెప్పాలి. ఏలీయా చావు కోరుకున్నప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు. తిండి పెట్టి, మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ తిండి పెట్టాడు (1 రాజులు 19).

సంఘానికి వెళ్లడం ఒక లెక్క ప్రకారం జరగాలి. ఆదివారం వెళ్లాలంటే శనివారం, సోమవారం పనులు తగ్గించుకోవాలి, ఎందుకంటే కొన్ని జబ్బుల్లో అలసట అదే రోజు కాకుండా మర్నాడో ఆ మర్నాడో విరుచుకుపడుతుంది. మొత్తం ఆరాధనకు ఉండలేకపోతే వాక్యానికీ ప్రభు బల్లకూ మాత్రం వెళ్లండి. వరుస చివరి కుర్చీ అడగండి, అందరూ నిలబడినప్పుడు కూర్చునే ఉంటారని ముందే చెప్పండి. రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతుంటే అందరూ తాగే ఒకే గిన్నె వద్దు, విడి గ్లాసు అడగండి. గోధుమ పడనివాళ్లు రొట్టె సంగతి పాస్టరు గారితో ముందే మాట్లాడుకోవాలి. వెళ్లలేని నెలల్లో బల్ల ఇంటికి తెమ్మని అడగడం మీ హక్కే. కతోలిక సంఘంలోనైతే రోగికి ఆదివారం పూజ తప్పినా పాపం కాదు, సత్ప్రసాదానికి ముందు గంట ఉపవాసం నియమం కూడా రోగులకు లేదు. తైలం పూసే సంస్కారం చివరి ఘడియకే అనుకుంటారు గానీ, తీవ్రమైన జబ్బులో ముందుగానే తీసుకోవచ్చు, జబ్బు ముదిరితే మళ్లీ తీసుకోవచ్చు.

ఇంటికి వచ్చి ప్రార్థన చేస్తామనేవాళ్లకు మీ వారితో ముందే ఒక సందేశం పంపించండి: పదిహేను నిమిషాలు, ఒక కీర్తన, ఒక ప్రార్థన, సలహాలు వద్దు, వచ్చే ముందు ఫోను చేయండి. "ఏమైనా సాయం కావాలా" అన్నవాళ్లకు ఊరికే "ప్రార్థన చేయండి" అనకుండా ఒక పని చెప్పండి: గురువారం ఆసుపత్రికి తోడు రావడం, పాపను బడి నుంచి తేవడం. మార్కు 2లో పక్షవాత రోగిని యేసు దగ్గరికి తెచ్చిన ఆ నలుగురు చేసింది మోయడమే, యేసు చూసిందీ వాళ్ల విశ్వాసాన్నే. మీ వారికి కూడా వారానికి ఒక పూట సెలవు ఉండాలి. ఆ పూట మీ దగ్గర ఎవరుంటారో సంఘంలో ఇద్దరు ముగ్గురి పేర్లు రాసి, ఈ ఆదివారమే పాస్టరు గారి చేతిలో పెట్టండి.